తాతమ్మ వీలునామాలో "పాలకోపుల దిబ్బ": ఈ చోటు ఎక్కడిదై ఉంటుంది?

తాతమ్మ పెట్టె | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడిక రాయక తప్పలేదు.

మాది తణుకు, అత్తిలి మధ్య ఒక ఊరు. ఊరి పేరు చెప్పను. భూముల సంగతి కదా, ఎవరికి ఏ అనుమానం పుడుతుందో తెలీదు. పోయిన నెల అమ్మమ్మగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద రేకుపెట్టెలో మా తాతమ్మ (అమ్మమ్మ వాళ్ళ అమ్మ) వీలునామా దొరికింది. తెల్లకాగితాలు మూడు. సిరా గోధుమరంగుకి తిరిగింది. ప్రజోత్పత్తి నామ సంవత్సరం, శ్రావణమాసం, పక్కనే 1931 ఆగస్టు అని ఉంది. వెనక రిజిస్ట్రారు ముద్ర, తాతమ్మ వేలిముద్ర.

అందులో మూడు చోట్లు రాసింది.

ఒకటి, "పాత రేవు పుంతకు ఉత్తరపు చెక్క". రెండు, "సాని మాన్యం పక్క పల్లం". మూడు, నాకు చదవొచ్చినంతలో, "పాలకోపుల దిబ్బ". ఈ మూడోది పుట్టింటివాళ్ళు పసుపుకుంకాల కింద ఇచ్చిందట. సర్వే నంబరు ఒక్కదానికీ లేదు. పల్లానికి మాత్రం నాలుగు వైపులా హద్దులున్నాయి.

భూమి కోసం కాదండీ అడుగుతున్నది. అదంతా నేను పుట్టకముందే అమ్మేశారు. ఆ చోట్లు ఎక్కడో చూడాలని, అంతే. గూగుల్ మ్యాపులో పాలకొల్లు తప్ప ఏమీ రాలేదు. సచివాలయంలో అడిగితే "దిబ్బలన్నీ చదును చేసేశారు కదండీ" అని నవ్వారు. ఊళ్ళో ఎనభై దాటిన ఇద్దరిని అడిగాను, పాత రేవు అంటే తల ఊపారు, దిబ్బ అంటే తెలీదన్నారు.

---

గట్టుమీద కాకి | శనివారం, రాత్రి 10:05

పాలకోపు... పాలు, కోపు... గొల్లవాళ్ళ దిబ్బ అయ్యుంటుంది. లేకపోతే పాత బౌద్ధ స్తూపం. మన జిల్లాల్లో దిబ్బ అంటే సగం అవే. భట్టిప్రోలు స్తూపాన్ని ఊళ్ళోవాళ్ళు లంజదిబ్బ అనేవాళ్ళు. అమరావతిది దీపాలదిన్నె. తవ్వండి, ఏదైనా దొరికితే నా పేరు కూడా వేయించండి.

---

బందరు గాలి | శనివారం, రాత్రి 10:31

కాకిగారూ, డెల్టాలో వానకు మునగని ప్రతి ఎత్తునీ దిబ్బ అంటారు. అన్నిచోట్లా బుద్ధుడు ఉండడు.

తాతమ్మ పెట్టె గారూ, ఒక చిన్న జాగ్రత్త. ఇంతకన్నా పాత కాగితాలు కూడా ఆ పెట్టెలో ఉంటే జిల్లా పేరు చూసి కంగారు పడకండి. మీ తణుకు తాలూకా 1904 దాకా గోదావరి జిల్లా. ఆ ఏడాది జిల్లాలు సర్దినప్పుడు ఏలూరు, యర్నగూడెం, భీమవరం, నరసాపురంతో పాటు కృష్ణా జిల్లాలోకి వచ్చింది. 1925లో పశ్చిమ గోదావరి పుట్టాక అందులోకి వెళ్ళింది. ఒకే చేను ముగ్గురు కలెక్టర్ల కింద తిరిగినట్టు కనిపిస్తుంది కానీ అది అక్కడే ఉంటుంది. మా నాన్నమ్మ తరఫున 1910 నాటి కాగితంలో "కృష్ణా జిల్లా నరసాపురం తాలూకా" అని చూసి ఇది నకిలీ అని మా బాబాయి గొడవ పెట్టుకున్నాడు.

మా బందరులో ఇంకో రకం. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, ఫరాసుపేట అని మూడు పేటలు. ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు. వాళ్ళు ఎప్పుడో పోయారు, పేర్లు మాత్రం పాతుకుపోయాయి. కానీ 1864 నవంబరు 1 తుపానులో ముప్పై వేల మంది పోయారంటారు. ఆ తర్వాత సముద్రం వైపు దిబ్బల పేర్లు, దొరువుల (నీటిగుంటల) పేర్లు చెప్పడానికి మనుషులే మిగల్లేదు. పేరుకి పలికే నోరు ఉండాలి కదా.

---

తాతమ్మ పెట్టె | ఆదివారం, ఉదయం 7:12

అవునండీ! పెట్టెలో 1912 నాటి ఇంకో కాగితం ఉంది, "కృష్ణా జిల్లా తణుకు తాలూకా" అనే ఉంది. ఇది మన ఊరిది కాదేమోనని పక్కన పడేశాను. మళ్ళీ తీస్తాను.

మామయ్య ఇంకో మాట అంటున్నాడు. స్టాంపు కాగితం మీద లేదు కాబట్టి అసలు ఇది వీలునామానే కాదట.

---

నల్లకోటు | ఆదివారం, ఉదయం 8:50

మామయ్యగారికి చెప్పండి, వీలునామాకు స్టాంపు అక్కర్లేదు. తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. మీ తాతమ్మగారు చేయించారంటే ముందుచూపున్న మనిషి.

సర్వే నంబర్లు ఎందుకు లేవో చెప్తాను, మీ వెతుకులాటకు ఇదే ముఖ్యం. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులో ఆస్తిని గుర్తుపట్టేలా వివరంగా రాయాలి, లేకపోతే రిజిస్టరు చేయరు. ఆ నియమం వీలునామాకు వర్తించదు. అంటే అమ్మకం కాగితంలో లేఖరి సర్కారు భాష రాస్తాడు, వీలునామాలో రాయించేవాళ్ళు ఇంట్లో పిలుచుకునే పేరు చెప్తారు. "మన రేవు పుంత చెక్క పెద్దదానికి, దిబ్బ చిన్నదానికి" అని. కూతుళ్ళకు తెలిస్తే చాలు అనుకున్నారు. అందుకే పాత పేర్లు వెతికేవాళ్ళకు వీలునామా బంగారం, కోర్టులో వాదించేవాళ్ళకు తలనొప్పి.

1925 వారసత్వ చట్టం 80వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంటుంది. ఒకాయన "సుల్తాన్‌పూర్ ఖుర్ద్ అనే నా ఎస్టేటు" అని రాసి పోయాడు. చూస్తే ఆ పేరుతో ఆయనకు రెండున్నాయి. ఏది అనుకున్నాడో తేల్చడానికి బయటి సాక్ష్యం తీసుకోవచ్చు అంటుంది చట్టం. మీరు చేస్తున్నదీ అదే పని, కోర్టు ఫీజు లేకుండా.

మరీ ఆశ పెట్టుకోకండి కూడా. 1956కు ముందు ఉమ్మడి కుటుంబంలోని మగవాడు తన వాటాను వీలునామా రాయడానికి లేదు. కాబట్టి ఆ కాలం వీలునామాలు ఎక్కువగా స్వార్జితం ఉన్నవాళ్ళవి, పిల్లల్లేనివాళ్ళవి, పుట్టింటి ఆస్తి ఉన్న ఆడవాళ్ళవి. ఊరి భూముల్లో చాలావాటికి వీలునామా అనేదే ఉండదు. పంపకాల దస్తావేజులు కూడా పక్కన పెట్టుకోవాలి.

---

ఓరుగల్లు చెరువుకట్ట | ఆదివారం, ఉదయం 11:20

మంచి ముచ్చట పెట్టిన్రు. మా దిక్కు కథ వేరే. నిజాం కాలం కాగితాలు అన్నీ ఉర్దూల ఉంటయి. మా తాత కాలం కాగితాల "గుండ్ల కుంట" అని మేము పిలిచే చోటును చదవనీకి ముగ్గురు మున్షీలు మూడు తీర్లు చదివిన్రు. ఉర్దూల చిన్న అచ్చులు రాయరు, ఎ ఇ ఒక్కటే, ఒ ఉ ఒక్కటే, ళ కు ణ కు అక్షరమే లేదు. ఒకాయన "గండ్ల కంట" అన్నడు. రాసిన పేరును కాదు, ఊళ్ళె పలికే పేరును ముందు పట్టుకొని తర్వాత కాగితం చదవాలె. ఎనుకటి నుంచి ముందుకు కాదు, ముందు నుంచి ఎనుకకు.

సేత్వార్ల (పాత సర్వే రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీల (భూమి, పంటల లెక్క పుస్తకం) సర్వే నంబర్ల పక్కన అక్కడక్కడ చోటు పేరు కూడా రాస్తరు. మీ తాన ఏముంటదో నాకు తెల్వదు. ఇంకోటి, ఫసలీ సంవత్సరం (పన్నుల లెక్క ఏడాది) ఉంటే భద్రం. మా దిక్కు ఫసలీ అక్టోబరుల షురూ అయితుండె, మీ దిక్కు జూలైల. ఒకే నంబరు, నెలలు వేరు.

---

రిటైర్డు లేఖరి | ఆదివారం, మధ్యాహ్నం 2:15

గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాసి చేతులు నొప్పిపెట్టి మానేసినవాణ్ణి. అమ్మా తాతమ్మ పెట్టె (అమ్మో, అబ్బాయో తెలీదు, క్షమించాలి), ఆ మూడో పేరున్న పేజీ ఫోటో ఒకటి పెట్టండి. పేరు మాత్రమే కాదు, పైన నాలుగు పంక్తులు, కింద నాలుగు పంక్తులు ఉండాలి. పాతకాలం గొలుసుకట్టు రాతలో ఒక్క మాటను విడిగా చదివితే మనకు తోచిందే కనిపిస్తుంది.

---

తాతమ్మ పెట్టె | ఆదివారం, మధ్యాహ్నం 3:02

అబ్బాయినేనండీ. ఫోటో పెట్టాను. మనుషుల పేర్ల మీద కాగితం ముక్క అడ్డం పెట్టాను.

---

డాలస్ గోదారోడు | ఆదివారం, మధ్యాహ్నం 3:30

ఇక్కడ తెల్లారుజామున నాలుగయ్యింది, నిద్ర రాక ఇది చదువుతున్నా. ఫోటో పెద్దది చేసి చూశా, నాకు "పాలకోవుల దిబ్బ" అని కనిపించింది. ఆకలేస్తోంది కాబోలు.

---

రిటైర్డు లేఖరి | ఆదివారం, సాయంత్రం 5:48

చూశాను. రెండుసార్లు చూశాను. పాలూ కాదు, కోపులూ కాదు, కోవా అంతకన్నా కాదు.

ఆ లేఖరి చెయ్యి ఎత్తకుండా రాశాడు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ లేదు, పైగీత సాగుతూనే ఉంది. రెండో అక్షరం మీద గుడి ఉంది, అది "ల" కాదు, "లి". ఆ గుడి సున్నా చుట్టి ఊరుకోకుండా తర్వాతి అక్షరం నెత్తికెక్కింది. ఆ అక్షరం "కా". కా దీర్ఘం, ఎగిరొచ్చిన గుడి కొస కలిసి మీకు "కో" లాగా కనబడ్డాయి. అదే పేజీ పైనుంచి మూడో పంక్తిలో "కాలువ" అని రాశాడు చూడండి, ఆ కా దీర్ఘమూ ఇదీ ఒకే తీరు. ఇంక ఈ మాటను చదవండి.

పాలికాపుల దిబ్బ.

పాలికాపు అంటే తెలుసుగా, పొలం పనికి ఏడాదికింతని కుదిరిన మనిషి, పాలేరు. నాకు ఆ మాట తెలిసింది అక్షరం వల్ల కాదు, కింద పంక్తి వల్ల. మీరు దాన్ని వదిలేశారు. "అక్కడి పాకలవారిని నా తదనంతరం ఎవరూ లేపరాదు" అని ఉంది. ఖాళీ దిబ్బ మీద పాకలు ఎవరివి? పొలం పని చేసేవాళ్ళవి. పల్లం మునిగినా మునగని చోట వాళ్ళను ఉంచారు. మీ తాతమ్మగారు దిబ్బను చిన్న కూతురికి ఇస్తూ, మనుషుల్ని లేపొద్దని కట్టడి పెట్టింది. ముప్పై ఏళ్ళలో అలాంటి షరతున్న వీలునామాలు నేను రాసినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

---

తాతమ్మ పెట్టె | ఆదివారం, సాయంత్రం 6:20

మాస్టారూ, మాట రావట్లేదు. ఆ పంక్తిని "పాకలవారి నా తదనంతరం" దగ్గర ఆపేసి అర్థం కాలేదని వదిలేశాను. అమ్మకి చదివి వినిపించాను. కాసేపు ఊరుకుంది.

---

గట్టుమీద కాకి | ఆదివారం, సాయంత్రం 6:41

బుద్ధుణ్ణి వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక్క అనుమానం. గోదావరి వాళ్ళం పాలేరు అంటాం, పాలికాపు అనం. అది విశాఖ వైపు మాట కాదా?

---

రిటైర్డు లేఖరి | ఆదివారం, రాత్రి 7:30

ఇప్పుడు అనకపోవచ్చు. 1931లో అనలేదని ఎలా చెప్తాం? పైగా లేఖరి ఎక్కడివాడో తెలీదు. అనుమానం మంచిదే కాకిగారూ. వేరే కాగితంలో అదే పేరు దొరికేదాకా నా చదువును కూడా సగమే నమ్మండి.

---

నల్లకోటు | ఆదివారం, రాత్రి 8:15

సరే, పేరు చేతికొచ్చింది. ఇంక చోటు పట్టుకోవాలి. నేనైతే దిబ్బతో మొదలుపెట్టను, సాని మాన్యంతో మొదలుపెడతాను. మిగతా రెండు పేర్లూ ఇంటివాళ్ళ నోటి పేర్లు. మాన్యం మాత్రం సర్కారు లెక్కలోది.

గుళ్ళో ఆటపాటల సేవకు ఇచ్చిన ఇనాం అది. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ వేశారు. ఊరూరా మాన్యాలన్నీ విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టరు రాశారు. ఎవరికి, ఏ సేవకు, ఎంత విస్తీర్ణం, అన్నీ ఉంటాయి. కలెక్టరేటు రికార్డు రూములో మీ ఊరి పేజీకి నకలు అడగండి. దాన్ని పట్టుకుని రీసెటిల్మెంటు రిజిస్టరు (భూమి పన్ను మళ్ళీ లెక్కగట్టినప్పటి పుస్తకం) చూస్తే ఇనాం భూమి ఏ సర్వే నంబరులోకి వచ్చిందో తెలుస్తుంది. ఊళ్ళో డైగ్లాట్ అంటారు, ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన ఉంటాయని. ఇప్పటి రీసర్వేలో మళ్ళీ ఎల్పీఎం (కొత్త భూమి పటాల) నంబర్లొచ్చాయి, కంగారు పడకుండా ఒక్కో మెట్టూ దిగండి.

మాన్యం దొరికితే దాని పక్క పల్లం మీదే. పల్లానికి హద్దులున్నాయన్నారుగా, అవి పూర్తిగా రాయండి.

---

తాతమ్మ పెట్టె | ఆదివారం, రాత్రి 9:05

తూర్పు: బోదె. దక్షిణం: పాత రేవు పుంత. పడమర: సాని మాన్యం. ఉత్తరం: ఒకరి ఇంటిపేరు వారి చేను (అది ఇక్కడ రాయట్లేదు, ఆ కుటుంబం ఇంకా ఊళ్ళోనే ఉంది).

---

బందరు గాలి | ఆదివారం, రాత్రి 9:20

చూశారా, మూడు చోట్లలో రెండు ఒకదాన్నొకటి ఒరుసుకునే ఉన్నాయి. దక్షిణం పాత రేవు పుంత. అంటే పుంతకు ఉత్తరపు చెక్క కూడా ఆ వరసలోదే. దిబ్బ కూడా దూరంగా ఉండదని నా లెక్క.

గోదావరి బయటివాళ్ళకు: పుంత అంటే బండ్లు పోయే మట్టిదారి, గుంటూరు వైపు డొంక అంటారు. బోదె అంటే కాలువ నుంచి చేలకు తీసిన పిల్లకాలువ. బోదె హద్దుగా ఉంటే ఆ పేరు, ఆ చెక్క ఆకారం ధవళేశ్వరం ఆనకట్ట తర్వాతివే, అంటే 1852 తర్వాత. రేవు మాత్రం పడవలదా, బట్టలదా, గేదెలదా అనేది చూసుకోవాలి. కాలువల్లో పడవలు తిరిగిన రోజులు కదా.

---

టంకసాల వీధి | సోమవారం, ఉదయం 10:10

చెన్నై నుంచి రాస్తున్నాను. మా పూర్వీకులు వ్యాపారానికి వచ్చి చెన్నపట్నంలో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. మాకు పుంతలూ దిబ్బలూ లేవు, వీధులే. కానీ కథ అదే.

మా ముత్తాతగారి వీలునామా తెలుగులో ఉంది. ఇల్లు "పెద్దనాయకపేట టంకసాల వీధి" అని రాశారు. తమిళంలో తంగసాలై, ఇంగ్లీషులో మింట్ స్ట్రీట్. మూడు భాషల్లో ఒకే వీధి. అన్నదమ్ముల వీలునామాల్లో ఒకదాంట్లో బ్లాక్‌టౌన్, ఇంకోదాంట్లో జార్జిటౌన్ అని ఉంటే రెండు వేర్వేరు ఇళ్ళనుకుని మా అత్తయ్య రెండు ఫైళ్ళు తయారుచేసింది. మధ్యలో పేరు మార్చారంతే. ఇల్లు ఒకటే.

ఊళ్ళలో లేని సుఖం మాకొకటుంది. మద్రాసు నగరంలో వీలునామాకు ప్రొబేటు (కోర్టు ధ్రువీకరణ) తెచ్చుకోవాల్సి వచ్చేది కాబట్టి హైకోర్టు రికార్డుల్లో నకళ్ళు ఉన్నాయి. పాతవి కంపెనీ కాలపు మేయర్స్ కోర్టు నుంచీ ఉన్నాయి. తెల్లవాళ్ళ వీలునామాల్లో మన ఊళ్ళ పేర్లు చూస్తే నవ్వొస్తుంది. నరసాపురం దగ్గర మాధవాయపాలెం వాళ్ళ నోట్లో మాడపొల్లం అయింది, అక్కడి బట్టకి కూడా అదే పేరు పెట్టి అమ్ముకున్నారు.

---

డాలస్ గోదారోడు | సోమవారం, ఉదయం 10:45

ఇదంతా ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద లావాదేవీల పత్రం) తీస్తే రాదా? మా నాన్నగారి స్థలానికి ఇక్కణ్ణుంచే తీశాను.

---

రిటైర్డు లేఖరి | సోమవారం, మధ్యాహ్నం 12:30

రాదు బాబూ. ఆన్‌లైన్‌లో ఉన్నది దాదాపు 1983 నుంచి. అంతకు ముందుది ఆఫీసులో చేత్తో వెతికించుకోవాలి. పైగా వీలునామా ఈసీలో అసలు కనపడదు. ఈసీ తీసేది ఒకటో పుస్తకం నుంచి. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు మూడో పుస్తకంలో ఎక్కుతాయి. రాసినవారు బతికున్నంతకాలం వారికో వారి ఏజెంటుకో తప్ప నకలు ఇవ్వరు. పోయాక ఎవరు దరఖాస్తు పెట్టినా ఇవ్వాలి, 57వ సెక్షన్. కానీ ఒకటో పుస్తకంలా మనం కూర్చుని పేజీలు తిప్పడానికి లేదు, వెతకడం ఆఫీసువాళ్ళే చేయాలి. కాబట్టి పేరు, ఊరు, ఏడాది కచ్చితంగా ఇవ్వాలి. "1920 నుంచి 1940 మధ్య ఏదైనా" అంటే ఎవరూ లేవరు.

మావైపు ఒక ఆఫీసులో నేనే ఒకరి తరఫున ఇలాంటి నకలుకు పెట్టాను. ఆరుసార్లు తిరిగాను. చివరికి ఆ పుస్తకం బయటికి తీస్తే కుట్టు దగ్గర చెదలు. మా పేజీకి రెండు పేజీల ముందు ఆగిపోయాయి.

---

వేదిక నిర్వాహకుడు | సోమవారం, మధ్యాహ్నం 1:00

మనవి: సర్వే నంబర్లు, ఇంటిపేర్లు, పూర్తి దస్తావేజు ఫోటోలు పెట్టకండి. చర్చ బాగుంది, సాగనివ్వండి.

---

తాతమ్మ పెట్టె | పదహారు రోజుల తర్వాత, రాత్రి 8:55

ఆలస్యానికి క్షమించాలి. చెప్పడానికి చాలా ఉంది.

ఇనాం రిజిస్టరు నకలు వచ్చింది. ఒక్క పేజీ. మాన్యం ఎకరాల లెక్క, గుడి పేరు, సేవ వివరం ఉన్నాయి. రీసెటిల్మెంటు రిజిస్టరుతో నల్లకోటు గారు చెప్పినట్టే ముడిపడింది. విస్తీర్ణం కొన్ని సెంట్ల తేడాతో సరిపోయింది. అంటే సాని మాన్యం దొరికింది. ఇప్పుడక్కడ చేపల చెరువు.

దిబ్బ మాత్రం అక్కడికక్కడ తేలలేదు. అప్పుడు బందరు గాలి గారి మాట గుర్తొచ్చి 1912 కాగితం తీశాను. అది తాతమ్మ పుట్టింటివాళ్ళ పంపకాల దస్తావేజు. గొలుసుకట్టే కానీ ఈసారి గుడి ఎటు పోతుందో తెలుసు కదా, చదవగలిగాను. అందులో "పాలికాపుల దిబ్బ" రెండుసార్లు ఉంది, రెండోసారి చాలా శుభ్రంగా రాశాడు. కాకిగారూ, గోదావరిలో ఆ మాట అన్నారు! హద్దుల్లో పడమర బోదె, దక్షిణం పాత రేవు పుంత. అంటే మా పల్లానికి తూర్పున ఏ బోదె ఉందో అదే బోదె దాటితే దిబ్బ.

ఆదివారం తమ్ముణ్ణి తీసుకుని వెళ్ళాను. కాలువ మీద లస్కరుగా (నీటి కావలి) చేసి మానేసిన పెద్దాయన ఒకరు బోదె చూపించారు. సగం పూడిపోయింది, గట్టు మీద తాడిచెట్లు మూడు. బోదె దాటగానే నేల నిజంగానే ఎత్తు. మోకాలి ఎత్తు ఉంటుందేమో, సైకిల్ మీద వెళ్తే తెలుస్తుంది, కారులో తెలీదు. అక్కడ నలభై యాభై ఇళ్ళ కాలనీ ఉంది. సిమెంటు రోడ్డు, చర్చి, వాటర్ ట్యాంకు. బోర్డు మీద ఒక నాయకుడి పేరుతో నగర్ అని ఉంది.

అక్కడ అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. తొంభై దగ్గర ఉంటాయి. "మామ్మా, ఇక్కడ పాలికాపుల దిబ్బ అని ఉండేదా" అని అడిగాను. నావంక కాసేపు చూసింది. "ఆ మాట మీవాళ్ళనేవోరు బాబూ. మేవెప్పుడూ అనలేదు. మాకిది మెరకపేట" అంది.

కిందటిసారి ఊళ్ళో ఇద్దరు పెద్దవాళ్ళను అడిగానన్నాను కదా. ఇద్దరూ ఊరి నడివీధిలో వాళ్ళు. ఈ పేటలో అడగాలని నాకు తోచనే లేదు.

---

ఓరుగల్లు చెరువుకట్ట | అదే రాత్రి, 9:30

గిదీ అసలు ముచ్చట. కాగితం రాయించినోళ్ళు ఒక పేరు పెట్టిన్రు, ఉన్నోళ్ళు ఒక పేరు పెట్టుకున్నరు. మెరకపేట అని ఏ దస్తావేజుల ఉంటది? ఆళ్ళకు దస్తావేజు ఉంటెనే కదా. అన్నా, ఆ పేరు కూడా రాసి పెట్టుకో.

---

నల్లకోటు | అదే రాత్రి, 9:52

రాసుకోండి. ఇళ్ళపట్టాలు ఇచ్చినప్పటి కాగితాల్లో ఒకవేళ "మెరక" అని ఉందేమో కూడా చూడండి. లేపొద్దన్న షరతు ఏమైంది? అమ్మినప్పుడు కొన్నవాళ్ళు పాటించారా?

---

తాతమ్మ పెట్టె | అదే రాత్రి, 10:20

అమ్మినప్పటి కాగితంలో ఆ షరతు లేదండీ. చూశాను. ఉన్నవాళ్ళు మాత్రం ఉన్నారు. ఎలా ఉండగలిగారో మామ్మని అడిగాను. "లెగమన్నారు ఓపాలి. లెగలేదు" అంది. అంతకన్నా చెప్పలేదు. వీలునామాలో ఒకావిడ అలా రాసిందని చెప్పాను. "ఎవరమ్మా" అంది. తాతమ్మ పేరు చెప్పాను. గుర్తుపట్టలేదు. పొలంలో అన్నం పెట్టేప్పుడు పచ్చడి ఎక్కువ వేసే ఆవిడ ఒకరుండేవారని వాళ్ళమ్మ చెప్పేదట, ఆవిడేనా అంది. నాకేం తెలుసు?

---

రిటైర్డు లేఖరి | మర్నాడు, ఉదయం 6:30

రాత్రి చదివి పడుకున్నాను. కాగితాలు రెండూ జిరాక్సు తీయించి, అసళ్ళు ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి సిరా అంటుకుంటుంది. పాత రేవు సంగతేమైంది? అది చెప్పలేదు.

---

తాతమ్మ పెట్టె | మర్నాడు, ఉదయం 7:15

పుంత ఉంది మాస్టారూ, ఇప్పుడు తారురోడ్డు. అది కాలువ దగ్గర ఆగే చోట గుర్రపుడెక్క గుబురుగా ఉంది. తమ్ముడు కర్రతో పక్కకు తోస్తే రాతిమెట్లు మూడు కనిపించాయి. పడవల రేవా, బట్టల రేవా తెలీదు. పై మెట్టు అంచున తాడు ఒరుసుకున్నట్టు లోతుగా గీత ఉంది. ఫోటో సరిగ్గా రాలేదు, వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను. బందరు గాలి గారూ, ఏం చూడాలో ముందే చెప్పండి.